'ఐ' ఉన్న కాంప్లిమెంట్, 'ఈ' ఉన్న కాంప్లిమెంట్

(షాబాన్ నెలలో జరిగిన దాతల సమావేశంలో, ఆదివారం తరగతుల ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. మేము రెండు మాటలే తెచ్చాం. అవి కూడా చెవికి వింటే ఒక్క మాటే.

మేము అంటే, కొత్తగా వచ్చిన వారి కోసం చెబుతున్నాం, మన సంస్థ తరఫున ఆదివారాలు పిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు చెప్పే నలుగురు టీచర్లం. ఏడాదికి ఒకసారి సావనీర్ ప్రూఫులు దిద్దే పని కూడా మాదే. ఇంగ్లీషు మాస్టర్లు ఉండగా అచ్చుతప్పులు రావని కమిటీ వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని మేము పోయినేడు వమ్ము చేశాం. ఇవాళ్టి ప్రసంగం అక్కడి నుంచే మొదలవుతుంది.

మీ ఇంట్లో గత సావనీర్ ఉంటే ఒకసారి తిరగేయండి. ముందు సందేశాలు, తర్వాత నివేదిక, ఆదాయ వ్యయాలు, ఆ తర్వాత ప్రకటనలు. బట్టల అంగడి, హోటలు, టైర్ల దుకాణం, మందుల షాపు, ఏ పేజీ చూసినా పైన ఒకటే ఇంగ్లీషు వాక్యం: విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్. కింద దుకాణం పేరు, ఫోన్ నంబరు. చీనీకాయల మండీ నడిపే ఒక పెద్దాయన పేజీలో మాత్రం ఆ మాటలో ఒక అక్షరం మారిపోయింది. ఎల్ తర్వాత ఐ ఉండాలి. ఈ పడింది. నలుగురం చూశాం, నలుగురి కంటికీ కనిపించలేదు. ఎందుకంటే ఆ తప్పు కూడా ఒక సరైన మాటే. నిఘంటువులో ఉంది. కంప్యూటర్ కూడా దాని కింద ఎర్ర గీత గీయదు.

సావనీర్ పంచిన మూడో రోజు ఆయన కొడుకు ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లాడు. "సార్, మా నాన్న పేజీలో స్పెల్లింగ్ తప్పు పడింది" అన్నాడు, మర్యాదగానే. మాకు తల కొట్టేసినట్టయింది. అసర్ నమాజు తర్వాత ఇద్దరం మండీకి వెళ్లి క్షమించమని అడిగాం. ఆయన లారీ దింపిస్తూ ఉన్నారు. "దానికేముంది సార్, కూర్చోండి" అని టీ తెప్పించారు. తర్వాత అడిగారు: "ఇంతకీ ఆ తప్పు మాటకు అర్థమేంది?"

చెప్పాం. ఐ ఉంటే మెచ్చుకోలు, అభినందన, మన ఉర్దూలో తారీఫ్. ఈ ఉంటే లోటును నింపి పూర్తి చేసేది. తెలుగులో పూరకం అంటారు. మన ఇళ్లలో 'ముకమ్మల్' అంటామే, దేన్నైనా ముకమ్మల్ చేసేది ఏదైతే ఉందో అది.

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నా పేజీ డబ్బు ఏ లోటు నింపింది సార్?" అన్నారు. ఎగతాళికి అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

మా దగ్గర జవాబు లేదు. టీ తాగి వచ్చేశాం.

ఆ జవాబు కోసం మేము ఏం చేశామో చెప్పే ముందు ఈ రెండు మాటల సంగతి కొంచెం చెప్పనివ్వండి. పాఠం చెప్పే అలవాటు, మానలేం.

రెండూ ఒక తల్లి బిడ్డలే. లాటిన్‌లో 'కాంప్లేరే' అంటే నింపడం. దాని నుంచి పుట్టిన మాట ఒకటి సూటిగా ఇంగ్లీషులోకి వచ్చింది, ఈ తో. అదే మాట ఇటలీ, ఫ్రాన్స్ దేశాలు తిరిగి, అక్కడి కొలువుల్లో మర్యాదలు నేర్చుకుని, 17వ శతాబ్దంలో ఐ వేసుకుని ఇంగ్లీషులోకి మళ్లీ వచ్చింది. ఎదుటి మనిషికి చేయాల్సిన మర్యాదలో లోటు లేకుండా నింపడం అన్న అర్థం రానురాను పొగడ్తగా మారింది. ఇంగ్లీషు వాళ్లు కూడా రెండింటినీ ఒకేలా పలుకుతారు. తెలుగులో రాస్తే తేడా పూర్తిగా మాయమవుతుంది, ఎందుకంటే మనం పలికినట్టే రాసుకుంటాం. చెవికి తెలియని తేడా కనుక కంటితోనే పట్టుకోవాలి. పిల్లలకు మేము చెప్పే గుర్తు ఇది: 'కంప్లీట్' అనే మాటలో ఎల్ తర్వాత ఈ ఉంటుంది, పూర్తి చేసే కాంప్లిమెంట్‌లోనూ ఈ ఉంటుంది. ఇక ఐ అంటే నేను. పొగడ్త ఎవరికి ఇష్టం? నాకు. పిల్లలు నవ్వుతారు, మరిచిపోరు.

హోటల్లో గది తీసుకుంటే పొద్దున టిఫిన్ ఉచితం అంటారు చూడండి, అది ఐ ఉన్న కాంప్లిమెంటరీ. మర్యాద కోసం ఇచ్చేది. బిడ్డకు ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తటి అన్నం, పప్పు మొదలుపెట్టమని డాక్టర్లు చెబుతారు. ఆ ఆహారాన్ని ఈ తో రాస్తారు. పాలు ఒక్కటే చాలని దశ వచ్చింది కాబట్టి, ఆ చాలని భాగాన్ని నింపేది అని. అక్కడ ఐ పడిందంటే బిడ్డకు ఫ్రీ టిఫిన్ అని అర్థం వస్తుంది!

వ్యాకరణంలో కూడా ఈ ఈ-కాంప్లిమెంట్ ఉంది. 'షి బికేమ్' అని బోర్డు మీద రాసి ఆపేస్తాం. "ఆమె అయింది". వెనక బెంచీ నుంచి అరుస్తారు, "ఏమయింది సార్?" అని. డాక్టర్ అని రాస్తామో, టీచర్ అని రాస్తామో, అది పడితేనే వాక్యం నిలబడుతుంది. ఆ పడేదాని పేరే కాంప్లిమెంట్.

అన్నింటికన్నా బాగా చెప్పేది లెక్కల మాస్టారు. పూరక కోణాలు మీ పిల్లలు హైస్కూల్లో చదివే ఉంటారు. రెండు కోణాలు కలిస్తే 90 డిగ్రీలు కావాలి. 35 ఉంటే దాని పూరకం 55. 60 ఉంటే 30. 80 ఉంటే 10 చాలు. 'పూరకం ఎంత?' అని ఊరికే అడిగితే జవాబు లేదు. ఉన్నది ఎంతో ముందు కొలవాలి. మా లెక్కల మాస్టారు ఈ మాట అన్న రోజు మండీలో ఆయన అడిగిన ప్రశ్న మళ్లీ మా ముందుకు వచ్చింది. మన సంస్థ ఇన్నేళ్లుగా అందరికీ ఒకే 45 డిగ్రీలు ఇస్తూ వచ్చింది. కొందరికి చాలదు, కొందరికి మిగిలిపోతుంది.

మేము నలుగురం ఆదాయ వ్యయాల పుస్తకం ముందు పెట్టుకున్నాం. ఇక్కడ ఎవరినీ తప్పు పట్టడం లేదు, ఆ ఖర్చులకు చేతులెత్తిన వాళ్లలో మేమూ ఉన్నాం. వార్షిక సభలో పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు శాలువా, షీల్డు. ఫ్లెక్సీలు, షామియానా, భోజనాలు. తర్వాత సర్కారు బడి పిల్లలకు స్కూలు బ్యాగు, ఐదేసి నోటు పుస్తకాలు. చదువు పేరుతో చేసిన ఖర్చు దాదాపు ఇదే. ఇక ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి చూద్దామనుకున్నాం. ఆదివారం తరగతులయ్యాక, అసర్‌కు మగ్రిబ్‌కు మధ్య.

మొదటి ఇంట్లోనే బుద్ధి వచ్చింది. బడిలో ప్రభుత్వం ఇచ్చే కిట్‌లో బ్యాగు, నోటు పుస్తకాలు, బట్టలు, బూట్లు అన్నీ ఉన్నాయి. మనం ఇచ్చిన రెండో బ్యాగు వంటింట్లో మేకుకు వేలాడుతోంది. అందులో ఉల్లిగడ్డలు. ఆ తల్లి మొహమాటపడి దాచబోయింది. "దాచొద్దమ్మా, పనికొచ్చింది కదా" అన్నాం. ఆ ఇంటి పిల్లాడికి కావాల్సింది కళ్లద్దాలు. రెండో వరుసలో కూర్చున్నా బోర్డు కనిపించడం లేదు. ఆ సంగతి బడిలో చెప్పలేదు, మాకు ఆదివారం తరగతిలోనూ చెప్పలేదు. మేము వాడిని చదువులో వెనకబడ్డవాడు అనుకున్నాం.

నాలుగో ఇల్లు ఒక దర్జీది. వాళ్ల అమ్మాయికి మనం ఫిబ్రవరిలో జరిగిన సభలో వేదిక మీద షీల్డు ఇచ్చాం. శాలువా కప్పాం. మాలో ఒకరు మైకులో ఆ అమ్మాయిని గురించి ఐదు నిమిషాలు మాట్లాడారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. మేము వెళ్లేసరికి ఆమె నాన్న పక్కన కూర్చుని కాజాలు కుడుతోంది. వాళ్లమ్మ షీల్డు మీది దుమ్ము కొంగుతో తుడిచి, మాకు కుర్చీలు వేసింది. "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగితే అమ్మాయి తల వంచుకుంది. తండ్రి చెప్పాడు: "చదవడం లేదు సార్. పది అయినప్పటి నుంచి ఇంట్లోనే ఉంది."

అంటే ఏమిటి? ఆ ముందటి ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. జూన్‌లో కాలేజీలో చేరాలి. చేరలేదు. మనం వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టేనాటికి ఆ పిల్ల చదువు ఆగి ఎనిమిది నెలలయింది. అంతమంది పెద్దలం ఉన్నాం, వృత్తి రీత్యా పిల్లలను ప్రశ్నలడిగే వాళ్లం నలుగురం ఉన్నాం, ఇప్పుడేం చదువుతున్నావని ఒక్కరం అడగలేదు. ఆ పిల్ల షీల్డు తీసుకుని, ఫోటోకు నిలబడి, సలాం చెప్పి దిగిపోయింది. ఆ ఫోటో సావనీర్‌లో కూడా వేశాం.

ఎందుకు ఆగింది? ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సీటు దొరుకుతుంది, ఫీజు పెద్ద బరువు కాదు. కాలేజీ టౌనులో ఉంది. ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి బస్సు. రోజూ రెండు వైపులా చార్జీలు. చీకటి పడే వేళకు రోడ్డు మీద దిగితే ఆటో ఉంటుందో ఉండదో తెలియదు, తండ్రి భయం అది. డబ్బు ఎంత కావాలో వేళ్ల మీద లెక్క వేశాం. పెద్ద మొత్తమేమీ కాదు. నెలనెలా రావాలి, ఒక మనిషి బాధ్యత తీసుకోవాలి, అంతే. మేము కప్పిన శాలువాతో ఆ పిల్ల మెయిన్ రోడ్డు దాకా వెళ్లలేదు కదా.

కమిటీ వారితో మాట్లాడి, ఆ ఊరి ఆటో అతన్నే పిలిచి నెలకింతని కుదుర్చుకున్నాం. పొద్దున దింపాలి, సాయంత్రం బస్సు వేళకు రోడ్డు మీద ఉండాలి. పోయిన జూన్‌లో అమ్మాయి ఇంటర్‌లో చేరింది, అల్‌హమ్దులిల్లాహ్. తర్వాత 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మా కాగితంలో బస్సు చార్జీ కొట్టేశాం. ఆటో మిగిలింది. 80 డిగ్రీలు ఉన్నచోట 10 చాలు. మిగిలిన డబ్బుతో ఉల్లిగడ్డల బ్యాగు ఇంటి పిల్లాడికి కళ్లద్దాలు వచ్చాయి. ఇప్పుడు వాడు ఆదివారం మొదటి బెంచీలో కూర్చుని మా స్పెల్లింగ్ తప్పులు పట్టుకుంటున్నాడు.

ప్రభుత్వం ఇచ్చేది ఏటా ఒకేలా ఉండదు. అందుకే కొలత కూడా ఏటా వేసుకోవాలి. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది, అంటే ఎనిమిదో తరగతి దాకా. కేంద్రం మైనారిటీ పిల్లలకిచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఒకప్పుడు ఒకటో తరగతి నుంచి ఉండేది. 2022-23 నుంచి దాన్ని 9, 10 తరగతులకే పరిమితం చేశారు. ఈ మార్పు తెలియక ఇప్పటికీ ఐదో తరగతి పిల్లాడి ఆధార్, ఆదాయ పత్రం పట్టుకుని నెట్ సెంటర్ల చుట్టూ తిరిగే తల్లులు మాకు తెలుసు. ఆ స్కాలర్‌షిప్‌కు గత పరీక్షలో 50 శాతం మార్కులుండాలి. 48 వచ్చిన పిల్లవాడి సంగతి ఆలోచించండి. వాడికి స్కాలర్‌షిప్ రాదు. మన వేదిక మీదికి పిలుపూ రాదు. ఐ కాంప్లిమెంటూ లేదు, ఈ కాంప్లిమెంటూ లేదు. చాలా ఇళ్లలో వాడు రాత్రి తండ్రితో పాటు బండి మీద పండ్లమ్మి వచ్చి చదివినవాడు. మా అభిప్రాయం అడిగితే, ఆ 48 ఇంకొకరి 75 కన్నా తక్కువేమీ కాదు.

పొగడ్త వద్దని మేము అనడం లేదు. మనుషులకు కృతజ్ఞత చెప్పనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞుడు కాలేడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పిన సంగతి మీకు తెలుసు. అదే ప్రవక్త (స) ముఖం మీద అదేపనిగా పొగిడేవారిని ఎంతగా వారించారో కూడా తెలుసు. ఈ రెండింటి మధ్య హద్దు ఎక్కడో ఆలిములు చెప్పాలి, మేము బడిపంతుళ్లం. మాకు తెలిసింది పిల్లల వరకే. వాళ్ల ఇంట్లో మొదటిసారి పది పాసైన ఆడపిల్లను పదిమందిలో మెచ్చుకుంటే ఆ పిల్ల భుజాలు నిటారుగా అవుతాయి. కళ్లారా చూశాం. ఆ మెచ్చుకోలు ఉండాలి. దానికి షామియానా ఎంత పెద్దది కావాలన్నదే మా సందేహం.

ఇంకొకటి. ఉలమాల ముందు చెప్పడానికి సంకోచిస్తూనే చెబుతున్నాం. ప్రళయ దినాన ఫర్జ్ నమాజుల లెక్కలో లోటు కనిపిస్తే, దాసుడి నఫిల్ నమాజులతో ఆ లోటును నింపుతారని హదీసుల్లో ఉన్నదని జుమా ప్రసంగాల్లో వింటూ పెరిగాం. ఫిత్రా కూడా అంతే. రోజాలో మన నోరు జారిన లోపాన్ని అది కడుగుతుంది, పండుగ రోజు పేదవాడి పొయ్యి వెలిగిస్తుంది. ఇటు ఇచ్చేవాడి లోటు, అటు తీసుకునేవాడి లోటు, రెండూ ఒక్క దానంతో పూరిస్తున్నాయి. ఇంగ్లీషు పాఠంలో ఈ ఉదాహరణ చెబితే పిల్లలకు వెంటనే ఎక్కింది. డిగ్రీల లెక్కకన్నా తొందరగా ఎక్కింది, లెక్కల మాస్టారు ఏమీ అనుకోకూడదు.

సరే, ఇప్పుడు మీతో పని. మేము ఒక కాగితం తయారు చేశాం. ఒకే పేజీ. ఎడమ వైపు 'ఉన్నది', కుడి వైపు 'తక్కువైనది'. ఉన్నది అన్నచోట ప్రభుత్వం ఇచ్చేవి, హాస్టలు, మేనమామ సాయం, ఆదాయ పత్రం, బీసీ-ఇ సర్టిఫికెట్ చేతిలో ఉందా లేదా, అన్నీ రాస్తాం. సర్టిఫికెట్ లేక సీటు పోగొట్టుకున్న ఇళ్లున్నాయి, అక్కడ కావాల్సింది మీ డబ్బు కూడా కాదు, ఆఫీసుకు వెంట వచ్చే ఒక మనిషి. ఎడమ వైపు నింపకుండా కుడి వైపు రాయకూడదని మాలో మేము నియమం పెట్టుకున్నాం. కాగితం మీద పిల్లల పేరుండదు, నంబరే ఉంటుంది. పేర్ల పుస్తకం కార్యదర్శి గారి బీరువాలో ఉంటుంది.

రమజాన్ దగ్గర పడింది. మీలో చాలామంది జకాత్ లెక్క వేసుకునే రోజులివి. నూటికి రెండున్నర ఎంతో మీకు మేము చెప్పనక్కర్లేదు, వ్యాపారులు, మాకన్నా వేగంగా వేస్తారు. ఆ కాగితాలు హాలు చివర బల్ల మీద పెట్టాం. జకాత్ సొమ్ము దేనికి వర్తిస్తుంది, దేనికి సదఖా వాడాలి అన్నది మౌలానా గారు ప్రతి కాగితం మీదా గుర్తు పెట్టారు. ఒకటి తీసుకుని కుడి వైపు చదవండి. ఎవరి కాగితం అని అడగకండి. డబ్బిచ్చేటప్పుడు పిల్లలను పక్కన నిలబెట్టి ఫోటో తీయించమని కూడా దయచేసి అడగకండి. ఈసారి సావనీర్‌లో అలాంటి ఫోటోలు వేయడం లేదు, కమిటీ ఒప్పుకుంది. ఆ నిర్ణయం కొందరికి నచ్చకపోవచ్చు. ఆ పేజీల్లో నంబర్లు, ఏ లోటు నిండింది, ఎంతైంది, అంతవరకు అచ్చు వేస్తాం. వార్షిక సభ ఉంటుంది. షీల్డుల బదులు సర్టిఫికెట్లు ఇస్తాం. వేదిక మీదికి వచ్చిన ప్రతి పిల్లనూ, ప్రతి పిల్లవాడినీ ఇప్పుడేం చదువుతున్నావని మైకులోనే అడుగుతాం.

చీనీకాయల మండీ ఆయనకు బాకీ ఉన్న జవాబు ఈ మధ్యే తీర్చాం. ఆయన పేజీ డబ్బు గత ఏడాది ఫ్లెక్సీలకు, షీల్డులకు పోయిందని ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన ఏమీ అనలేదు. ఈ ఏడాది ప్రకటన సొమ్ము ఇచ్చి, ఆటో చార్జీ కాగితం ఒకటి విడిగా తీసుకెళ్లారు. వెళ్తూ, "నా పేజీలో ఆ తప్పు అట్లే ఉండనీయండి సార్" అన్నారు.

ప్రూఫులు వచ్చాయి. ప్రెస్ వాళ్లు దాన్ని రెండుసార్లు ఐ కి దిద్దారు, మేము రెండుసార్లు ఈ కి మార్చి పంపాం. ఈ సంచికలో ఆ పేజీ మీ కంటపడితే మాకు ఫోన్ చేయకండి.